తలుపు అవతల తాళంచెవి, ఇవతల మనం: ఇంటి బయట చిక్కుకున్నప్పుడు నిబ్బరంగా వ్యవహరించే విధానం

ఆరేసిన బట్టలు తీయడానికో, చెత్తసంచి బయట పెట్టడానికో ఒక్క నిమిషం కోసం గడప దాటుతాం. వెనకనుంచి వచ్చిన గాలికి తలుపు రెక్క మెల్లగా కదిలి, టక్కుమని మూసుకుంటుంది. ఆ చప్పుడుకు అర్థం చెవికి తెలిసేలోపే చేయి జేబు తడుముకుంటుంది, లోపల బల్ల మీద పడి ఉన్న తాళంచెవి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు దాదాపు అందరం వేసుకునే మొదటి ప్రశ్న ‘లోపలికి ఎలా వెళ్ళాలి?’ అన్నది. నిజానికి అది రెండో ప్రశ్న. మొదట అడగవలసింది ‘లోపల ఆగలేనిది ఏదైనా ఉందా?’ అని. చేతిలో ఎంత సమయం ఉందో ఆ జవాబే చెబుతుంది, తక్కిన నిర్ణయాలన్నీ ఆ సమయాన్ని బట్టి మారుతాయి. ఈ వ్యాసం అంతా ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి మెట్టు: పిడి మీదినుంచి చేయి తీయడం

కంగారు పుట్టగానే శరీరంలో అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, చూపు ఎదురుగా ఉన్న ఒక్క వస్తువు మీదే నిలిచిపోతుంది. తెరుచుకోదని తెలిసిన తలుపునే పదిసార్లు గుంజడం, పక్కనే తెరిచి ఉన్న వంటింటి తలుపు సంగతి గుర్తుకు రాకపోవడం ఇందువల్లనే. కాబట్టి ముందుగా పిడి వదిలి రెండడుగులు వెనక్కి వేయండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. ఈ లెక్కన నిమిషానికి 6 శ్వాసలు పడతాయి. పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువగా ఉన్నప్పుడు మెదడునుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావం వల్ల గుండె వేగం తగ్గుతుంది. రెండు నిమిషాలు చాలు. లోపల పసిబిడ్డో, వెలుగుతున్న పొయ్యో ఉన్నవారు మాత్రం ఈ రెండు నిమిషాలు కూడా ఆగకుండా నేరుగా రెండో మెట్టుకు వెళ్ళాలి.

ఊపిరి కుదుటపడ్డాక జేబులు తడిమి ఊరుకోకుండా వాటిని పూర్తిగా బయటికి తిరగేయండి. చేతిసంచి ఉంటే అందులోని వస్తువులన్నీ నేల మీద పరచండి, చిరిగిన లోగుడ్డ సందులో కూడా వేలు పెట్టి చూడండి. ‘ఇప్పుడే చూశాను, లేదు’ అనుకున్న జేబులోనే తాళంచెవి దొరికిన సందర్భాలు నాకే రెండున్నాయి. ఆ తర్వాత ఇంటి చుట్టూ ఒకసారి నడిచి పెరటి తలుపు, పక్క తలుపు, నేల మీద నిలబడి అందుకోగల కిటికీలు చూడాలి. అలవాటుగా వేసే ఉంచుతామన్న నమ్మకంతో చాలామంది పెరటి తలుపును తోసి కూడా చూడరు.

రెండో మెట్టు: లోపల ఆగలేనివి

చిన్నపిల్లలు, లేవలేని పెద్దలు, వెలుగుతున్న పొయ్యి, వేడెక్కుతున్న ఇస్త్రీపెట్టె, పొగ వాసన, గ్యాస్ వాసన. వీటిలో ఒక్కటి ఉన్నా అది తాళం సమస్య కాదు, అత్యవసర పరిస్థితి. వెంటనే మీ ప్రాంతపు అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది, ఫోన్ లాక్ తీయకుండానే ఈ కాల్ చేయవచ్చు. మాట్లాడేటప్పుడు చిరునామా, ఎన్నో అంతస్తు, లోపల ఎవరున్నారు, వారి వయసెంత, ఏం జరుగుతోంది అన్న వివరాలను ఆ క్రమంలోనే చెప్పి, అవతలివారు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకండి. పొయ్యి మీద గిన్నె ఉన్నప్పుడు ‘ఇంకో పది నిమిషాలు పరవాలేదు’ అన్న అంచనాను నమ్మకూడదు. నీరు ఇగిరిపోయిన గిన్నె పొగ పట్టడానికి ఎక్కువసేపు పట్టదు, దగ్గరలో గుడ్డో కాగితమో ఉంటే అది అంటుకోవడానికీ పట్టదు.

గ్యాస్ వాసన వస్తే జాగ్రత్తలు వేరు. వంటగ్యాసుకు సొంతంగా వాసన ఉండదు, లీకు తెలియడం కోసం ఇథైల్ మెర్‌కాప్టాన్ వంటి ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. సిలిండర్లలో వచ్చే ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కనుక నేలబారున పరుచుకొని తలుపు కింది సందులోంచి బయటికి పాకుతుంది. అందుచేత ఆ వాసన తగిలిన తలుపు ముందు కాలింగ్ బెల్ నొక్కకూడదు, మెట్ల దగ్గరి దీపం స్విచ్ వేయకూడదు, ఉన్నది ఆర్పకూడదు. స్విచ్ పడ్డ క్షణంలో పుట్టే నిప్పురవ్వ ఒక్కటి చాలు. సిలిండరు గానీ గ్యాస్ వాల్వు గానీ ఇంటి వెలుపలే ఉంటే దాన్ని కట్టేసి, ఇరుగుపొరుగును హెచ్చరించి, దూరంగా ఆరుబయటికి నడిచాకే ఫోన్ తీయాలి.

పసివాడు లోపల ఉండి మనం బయట ఉండిపోవడం వీటన్నిటిలోకి గుండె జారే స్థితి. సహాయం కోసం ఫోన్ చేసిన వెంటనే తలుపు దగ్గర కూర్చొని, బిడ్డ చెవి ఎత్తుకు మీ నోరు తెచ్చుకొని, మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండండి. తలుపు బాదితే, కేకలు వేస్తే బిడ్డ భయపడి లోపలి గదుల్లోకి పరుగెత్తుతుంది. వంటింటి వైపు, మెట్ల వైపు పోకుండా బిడ్డను మీ గొంతు దగ్గరే నిలిపి ఉంచడం తలుపు తెరవడం కంటే ముఖ్యమైన పని. గడియ అందే వయసున్న పిల్లలైతే ఒక్కోసారి ఒక్క పనే చెప్పండి: ‘గుండ్రటి పిడి పట్టుకో’ అని చెప్పి, పట్టుకున్నాక ‘ఇప్పుడు కిటికీ ఉన్న వైపుకు తిప్పు’ అనండి. కుడి ఎడమలు పెద్దవాళ్ళకే తారుమారవుతాయి. సహాయక సిబ్బంది తలుపు విరగ్గొట్టవలసి వస్తే బిడ్డను ముందుగా దూరంగా, కనబడే చోటులో కూర్చోబెట్టమని మీరే గుర్తుచేయాలి.

ఇవేవీ లేకపోతే మీకు జరిగింది అసౌకర్యం మాత్రమే. దాన్ని పైకి ఒకసారి అనుకోండి: ‘లోపల ఎవరూ లేరు, ఏదీ వెలగడం లేదు, నాకు సమయం ఉంది.’ చాదస్తంగా అనిపించవచ్చు గానీ, తర్వాతి నిర్ణయాలన్నీ ఈ మాట మీదే నిలబడతాయి.

మూడో మెట్టు: తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదో కనిపెట్టడం

మన భాషలో ఒక చిక్కు ఉంది. కప్పనూ తాళమే అంటాం, చెవినీ తాళమే అంటాం. ‘తాళం పోయింది’ అన్న ఒక్క మాటకు తాళంచెవి ఎక్కడో పడిపోయిందనీ, తలుపు తాళం చెడిపోయిందనీ రెండర్థాలు వస్తాయి. మెకానిక్‌కు ఫోన్ చేసేముందు మనకే స్పష్టత ఉండాలి.

తాళంచెవి లోపల ఉండిపోయి, తలుపు దానంతట అదే పడిపోయిందనుకుందాం. అంటే మీది నైట్ లాచ్ తరహా తాళం: స్ప్రింగుతో ముందుకు తోసుకొచ్చే ఏటవాలు నాలుక ద్వారబంధంలోని గుంటలో కూర్చుంది, అంతే. తెరవడానికి ఇది అన్నిటికంటే తేలిక, పని తెలిసిన మెకానిక్ సాధారణంగా దేన్నీ పాడుచేయకుండానే తీస్తాడు. బయటినుంచి తాళంచెవి తిప్పి వేసిన తాళం అయితే నాలుక వెనక్కి కదలదు, పని ఎక్కువ పడుతుంది.

తాళంచెవి చేతిలోనే ఉండి తిరగకపోతే సంగతి వేరు. అమెరికాకు చెందిన తాళాల తయారీదారు లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన పద్ధతే నేటికీ ఎక్కువ ఇళ్ళ తాళాల్లో ఉంది. తాళంలో చెవి దూరే గొట్టం లాంటి భాగాన్ని సిలిండరు అంటారు. దాని లోపల సాధారణంగా ఐదారు చిన్న కడ్డీలు స్ప్రింగుల కింద నిలబడి ఉంటాయి, తాళంచెవి పళ్ళు వాటిని సరిగ్గా ఒకే గీత మీదికి ఎత్తినప్పుడే లోపలి బొడ్డు తిరుగుతుంది. తాళంచెవి ఒక్క వెంట్రుకవాసి తక్కువగా దిగినా ఆ గీత కుదరదు. కనుక బలం ఉపయోగించకుండా చెవిని పూర్తిగా బయటికి తీసి, దుమ్ము తుడిచి, చివరిదాకా నెట్టి, తర్వాత కాస్తంత వెనక్కి లాగుతూ తిప్పి చూడాలి. అరిగిపోయిన చెవులు ఈ చిన్న సవరణకు లొంగుతాయి.

చెవి తిరుగుతోంది, తలుపు మాత్రం రావడం లేదంటే తప్పు తాళానిది కాకపోవచ్చు. తేమకు చెక్క ఉబ్బినప్పుడు, బందులు వదులై తలుపు కుంగినప్పుడు నాలుక గుంట అంచుకు బిగుసుకుంటుంది. ఒక చేత్తో చెవి తిప్పి పట్టుకొని, రెండో చేత్తో తలుపును మీ వైపుకు లాగి చూడండి, తర్వాత భుజంతో ఆనించి నెట్టి చూడండి, చివరగా పిడి పట్టుకొని పైకెత్తి చూడండి. ఈ మూడింటిలో ఒకదానికి తలుపు వస్తే మీకు కావలసింది వడ్రంగి, తాళాల మెకానిక్ కాదు.

రెండువైపులా తాళంచెవి పట్టే సిలిండరు తాళాల్లో మరో తిరకాసు ఉంది. లోపలివైపు ఒక చెవి అలాగే వదిలేస్తే బయటినుంచి ఇంకో చెవి పెట్టినా చాలా రకాల్లో అది పనిచేయదు. అంటే పక్కింట్లో దాచిన మారు తాళంచెవి చేతికొచ్చినా ప్రయోజనం ఉండదు. ఇలాంటి తాళం ఉన్నవారు చెవిని లోపలివైపు వేలాడదీసే అలవాటును ఈరోజే మానుకోవాలి, లేదా రెండువైపులా చెవి ఉన్నా తెరుచుకునే రకం సిలిండరుకు మారాలి.

చెవి విరిగి ముక్క లోపల ఉండిపోతే, మిగిలిన సగాన్ని దానివెనక నెట్టకండి, జిగురు పూసి అతికించే ప్రయత్నం అసలే వద్దు. ముక్క బయటికి తీయాలంటే చెవి పెట్టినప్పుడు సిలిండరు ఏ స్థితిలో ఉందో ఆ నిలువు స్థితికే తిరిగి రావాలి, మధ్యలో తిరిగి ఆగిన సిలిండరు ముక్కను పట్టి ఉంచుతుంది. అంచు కనబడుతుంటే సన్నటి నోస్ ప్లయర్‌తో నేరుగా లాగవచ్చు. కనబడకపోతే మెకానిక్ పనే.

స్మార్ట్ లాక్ అయితే ఎక్కువసార్లు నేరం బ్యాటరీలది. చాలా మోడళ్ళ కింది అంచున రెండు లోహపు బొడిపెలు ఉంటాయి, వాటికి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పట్టుకుంటే అంకెలు నొక్కేంతసేపు ప్రాణం వస్తుంది. కొన్నిటిలో ఛార్జింగ్ వైరు పెట్టే రంధ్రం ఉంటుంది. అంకెలు గుర్తులేక తోచినవల్లా నొక్కుతూ పోతే తాళం కొన్ని నిమిషాలపాటు మొరాయిస్తుంది, మూడో తప్పు దగ్గరే ఆగి ఆలోచించడం మేలు.

నాలుగో మెట్టు: చేయకూడని పనులు

పై అంతస్తు కిటికీకో బాల్కనీకో గోడ పట్టుకొని పాకడం వద్దు. ఎంత నేర్పున్నవారైనా వద్దు. ఇంటి బయట చిక్కుకోవడం అనే చిన్న ఇబ్బందిని ఎముకలు విరిగే ప్రమాదంగా మార్చేది ఇదొక్కటే.

అద్దం పగలగొట్టడం పైకి తేలికగా కనిపిస్తుంది. మామూలు అద్దం కత్తుల్లాంటి పొడవాటి పెంకులుగా విరుగుతుంది, ఆ పెంకులున్న చట్రంలోకి చేయి దూర్చడం మణికట్టు దగ్గరి రక్తనాళాలతో చెలగాటం. పైగా ఆ రాత్రి అంతా తెరిచిన కిటికీతో నిద్రపోవాలి. తన్ని తెరిచిన తలుపు కూడా అంతే: తాళం కంటే ముందు ద్వారబంధం చీలుతుంది, దాని బాగుచేతకు అయ్యే ఖర్చు మెకానిక్ కూలిని మించిపోతుంది.

బ్యాంకు కార్డుతో తలుపు తీసే చిట్కా అందరూ విన్నదే. నాలుక వెనక్కి పోకుండా అడ్డుకునే చిన్న కడ్డీ పక్కనే ఉన్న తాళాల్లో అది అసలు పనిచేయదు. పనిచేసే తాళాల్లో కూడా మొదట విరిగేది కార్డే. తలపిన్నుతో రెండు క్షణాల్లో తాళం తీయడం తెరమీది వేడుక. ఇంగ్లండుకు చెందిన తాళాల నిపుణుడు జోసెఫ్ బ్రామా తయారుచేసిన తాళాన్ని తెరిచినవారికి 200 గినీల (అప్పటి బ్రిటిష్ బంగారు నాణేల) బహుమానమని లండన్ దుకాణం కిటికీలో 1790 నుంచి బోర్డు ఉండేది. 1851లో దాన్ని గెలిచిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ ఆ రోజుల్లో తాళాల విద్యలో పేరుమోసినవాడు, అయినా 16 రోజుల్లో 51 గంటలు పనిచేయాల్సి వచ్చింది. మీ తాళం అంత గట్టిది కాకపోవచ్చు, మీ పిన్ను మాత్రం సిలిండరులో విరిగి మెకానిక్ పనిని రెట్టింపు చేయగలదు.

ఐదో మెట్టు: ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడ వేచి ఉండాలి

మొదటి ఫోన్ ఇంటి తాళంచెవి ఉన్న మరో మనిషికి. వాళ్ళు గంటన్నర దూరంలో ఉన్నారని తెలిసినా చేయండి. గంటన్నర వేచి ఉండటం, తాళం మార్పించడం రెండింటిలో ఏది నయమో తర్వాత తేల్చుకోవచ్చు. అద్దె ఇల్లయితే రెండో ఫోన్ ఇంటి యజమానికి. ఆయన దగ్గర మారు తాళంచెవి ఉండవచ్చు, లేకపోయినా ఆయనకు చెప్పకుండా తాళం పగలగొట్టించడం తర్వాత మాటపడే వ్యవహారం. ఫోన్ కూడా లోపలే ఉండిపోతే పొరుగింటి తలుపు తట్టాలి. అప్పుడు నోటికి వచ్చిన నంబర్లు ఎన్నున్నాయన్నది అసలు పరీక్ష.

ఫోన్ చేతిలో ఉంటే ముందుగా బ్యాటరీ పొదుపు మోడ్ పెట్టి, వెలుగు తగ్గించండి. పొద్దుపోయాక చిక్కుకుంటే చీకటి గుమ్మం ముందు కాపలా కాయకుండా దీపాలు, మనుషులు ఉన్న చోటికి వెళ్ళి కూర్చోండి. తలుపు ఎక్కడికీ పోదు. క్రమం తప్పక వేసుకోవలసిన మందులు లోపల ఉన్నవారు ఆ సంగతిని మొదటి ఫోన్‌లోనే చెప్పాలి, మొహమాటంతో దాచకూడదు.

ఆరో మెట్టు: మెకానిక్‌ను పిలవడం

ఈ పనిలో మోసం జరిగేది ఎక్కువగా తలుపు దగ్గర కాదు, ఫోన్‌లోనే. కంగారులో ఉన్న మనిషి ధర అడగడు, అడిగినా పిలుపు రుసుము ఒక్కటే విని సరేనంటాడు. కాబట్టి మాట్లాడేటప్పుడు ఈ విషయాలు తేల్చుకోండి:

– తలుపు చెక్కదా, ఇనుపదా, తాళం తానుగా పడిందా, చెవి తిప్పి వేసిందా అన్న సంగతి మీరు చెప్పాలి. వీలైతే తాళం ఫొటో అతనికొక్కడికే పంపాలి.
– రాకపోకలు, పని, రాత్రివేళ అదనపు రుసుము అన్నీ కలిపి మొత్తం ఎంతవుతుందో అతను చెప్పాలి, దాన్ని సందేశంగా పంపాలి.
– డ్రిల్లింగ్ తప్పనిసరి అయితే ముందు మీ అనుమతి తీసుకుంటానని ఒప్పుకోవాలి.

వచ్చీ రాగానే తాళం వైపు సరిగ్గా చూడకుండా డ్రిల్లింగ్ మిషన్ తీసేవాణ్ణి ఆపండి. ఊరికే మూతపడిన తలుపుకు డ్రిల్లింగ్ అవసరం రావడం అరుదు. చెప్పిన ధర తలుపు దగ్గర మారిపోతే మరొకరిని పిలిచే హక్కు మీకుంది, సమయం కూడా ఉంది. డబ్బు తలుపు తెరుచుకున్నాకే ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. మంచి మెకానిక్ మీరు ఆ ఇంటివారేనని రుజువు అడుగుతాడు, అలా అడిగినందుకు కోపం తెచ్చుకోకండి. గుర్తింపు పత్రం లోపలే ఉంటుంది కనుక దాని నకలు ఫోన్‌లో ఉంచుకోవడం, లేదా తెరిచిన వెంటనే చూపిస్తానని చెప్పి పొరుగువారిని సాక్ష్యంగా నిలబెట్టడం మార్గాలు.

ఇవన్నీ రాకుండా: తలుపు తెరిచి ఉన్నప్పుడు చేయవలసిన ఏర్పాట్లు

మారు తాళంచెవి ఎక్కడుండాలన్నదే ఇందులో ప్రధానం. కాలిపట్టా కింద, పూలకుండీలో, మీటరు పెట్టె మీద, ద్వారబంధం పైఅంచున దాచడం దాచడమే కాదు, దొంగ చేయి మొదట వెళ్ళేది అక్కడికే. నడిచి వెళ్ళగల దూరంలో, వేళకాని వేళ తలుపు తట్టినా విసుక్కోని ఒక మనిషి దగ్గర ఒక చెవి ఉంచండి. ఊరికి దూరంగా ఉన్న ఆత్మీయుల కంటే పక్కవీధి పరిచయస్థులు ఈ ఒక్క విషయంలో ఎక్కువ అక్కరకొస్తారు. వారు ఊరు వెళ్ళినప్పుడు మీకు చెప్పేలా మాట తీసుకోండి. అలాంటివారు లేకపోతే అంకెలతో తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెను వీధిలోకి కనబడని గోడకు బిగించవచ్చు. నాలుగు అంకెల పెట్టెకు 10,000 కలయికలుంటాయి. పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు మాత్రం పెట్టకండి.

డూప్లికేట్ చేయించేటప్పుడు అసలు చెవినే ఇవ్వాలి. నకలుకు నకలు తీసిన కొద్దీ చిన్నచిన్న తేడాలు కలిసి, చివరికి చెవి సిలిండరులోకి దూరుతుంది గానీ తిరగదు. చేయించిన రోజే ఇంటికి తెచ్చి పదిసార్లు తిప్పి చూసి, ఆ తర్వాతే పొరుగువారి చేతికివ్వండి. ఏడాదిపాటు భద్రంగా దాచిన చెవి అవసరం వచ్చిన రాత్రి పట్టకపోవడం చూడటానికి కూడా బాధగా ఉంటుంది. చెవుల గుత్తికి చిరునామా రాసిన బిళ్ళ తగిలించకండి. తాళంచెవి ఫొటో ఎక్కడా పంచుకోకండి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే కేవలం ఫొటో ఆధారంగా పళ్ళ కొలతలు తీసి నకలు చెవి చేయవచ్చని నిరూపించారు.

గట్టిపడిన తాళంలో వంటనూనె పోయడం చాలామంది చేసే పొరపాటు. నూనె రెండురోజులు మెత్తబరిచి, తర్వాత దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. పొడి గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊది, చెవిని నాలుగైదు సార్లు ఆడిస్తే సరిపోతుంది. స్మార్ట్ లాక్‌లో తయారీదారు చెప్పిన రకం బ్యాటరీలే వాడండి. ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులిస్తే సాధారణ రీఛార్జబుల్ సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది, దానితో తాళం చూపే బ్యాటరీ లెక్క తప్పుతుంది. ఆ తాళంతో వచ్చిన మామూలు లోహపు చెవిని ఇంట్లోపల సొరుగులో దాచుకునేవారు ఎందరో! అది ఉండవలసింది ఇంటి వెలుపల.

ఇద్దరి ఫోన్ నంబర్లు కంఠస్థం చేయండి, వాటినే కాగితం మీద రాసి పర్సులో పెట్టండి. బయటికి వెళ్ళేటప్పుడు తలుపు మూసే చేతిలోనే తాళంచెవి ఉండాలన్న నియమం పెట్టుకోండి. జపాన్ రైల్వే సిబ్బంది సిగ్నల్‌ను వేలితో చూపి, దాని స్థితిని పైకి పలుకుతారు. అలవాటు పనుల్లో పరాకును ఆపడానికి అదొక పద్ధతి. గడప మీద ఆగి, చెవిని చూసి, ‘తాళంచెవి ఉంది’ అని మెల్లగా అనుకోవడం దాని ఇంటి రూపం. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

తలుపు తెరుచుకున్నాక

చెవి లోపలే దొరికితే చేయవలసింది ఏమీ లేదు. బయట పోగొట్టుకొని ఉంటే, ముఖ్యంగా చిరునామా తెలిపే కాగితాలతో కలిపి పోయి ఉంటే, ఆ రోజే సిలిండరు మార్పించండి. తాళమంతా మార్చనక్కరలేదు, చాలా తాళాల్లో సిలిండరు ఒక్కటే విడిగా వస్తుంది. కొత్త చెవులన్నీ లెక్కపెట్టి తీసుకొని, మెకానిక్ ఉండగానే ఒక్కొక్కటీ రెండువైపులనుంచీ తిప్పి చూడండి. ఈ పరీక్ష మొత్తం తలుపు బార్లా తెరిచి, రెక్కకు ఏదైనా అడ్డం పెట్టి చేయండి.